సైకిలు భాగములకు మన్నన తెచ్చిన కంపాన్యోలో

సైకిలు కొనువారు మొదట చూచునవి దాని రంగు, పేరు, వెల. దుకాణమున దానిని చేతితో ఎత్తి చూచి, బరువు తక్కువైనచో మెచ్చుకొందురు. కాని కొన్ని వేల మైళ్లు తిరిగిన పిమ్మట ఆ బండి ఎట్లుండునో చెప్పగలిగినవి ఇవి కావు. ఇరుసు చుట్టు తిరుగు చిన్న ఉక్కు గుండ్లు, వాటిని పట్టియుంచు గిన్నెలు, గొలుసు, పళ్ళచక్రములు, బ్రేకులు, నట్టులు - కంటికి అంతగా ఆనని ఈ భాగములపైననే బండి ఆయుర్దాయము ఆధారపడియుండును. ఈ సత్యమును నమ్మి, దానికై తన జీవితమునంతయు వెచ్చించి, సైకిలు భాగములకు సైకిలుతో సమానమైన కీర్తిని తెచ్చినవాడు ఇటలీ దేశస్థుడగు తుల్లియో కంపాన్యోలో. ఆయన ప్రసిద్ధి సైకిళ్లు అమ్మి వచ్చినది కాదు. ఇతరులు కట్టిన సైకిళ్లకు అమర్చు భాగములవలన వచ్చినది.

కంపాన్యోలో 1901 ఆగస్టు 26వ తేదీన, ఇటలీ ఈశాన్య భాగమునందలి విచెంజా నగరమున జన్మించెను. పదునారవ శతాబ్దమున పల్లాదియో అను మహాశిల్పి నిర్మించిన సౌధములకును, బంగారు నగలు చేయువారి పనితనమునకును ఆ నగరము పేరు పొందినది. తుల్లియో తండ్రికి అచట ఇనుప సామానుల దుకాణము ఉండెను. బాలుడు ఆ సామానుల నడుమనే పెరిగెను. దుకాణమునకు చేరియున్న పనిగదిలో లోహమును కోయుట, కొలుచుట, అమర్చుట ఆయనకు చిన్ననాటనే అలవడెను. గొప్ప ఇంజనీరింగు విద్య వలన గాక, ఈ చేతిపని వలననే ఆయన బుద్ధి పదును పొందెను.

యౌవనమున ఆయనకు సైకిలు పందెములపై మక్కువ కలిగెను. 1920 దశకమున ఔత్సాహికుడుగా పెక్కు పోటీలలో పాల్గొనెను. అగ్రశ్రేణి వీరుడని పేరు పొందలేదు గాని, బండి ఎచట మొరాయించునో, ఏ భాగము ఎపుడు చేయిచ్చునో తన కాళ్లతోడను, చేతులతోడను తెలిసికొనెను. తరువాతి కాలమున ఆయనకు అక్కరకు వచ్చినది ఈ అనుభవమే.

ఆ కాలపు పందెపు సైకిలు నేటి సైకిలు వంటిది కాదు. వెనుక చక్రమునకు ఇరుప్రక్కల ఒక్కొక్క పళ్ళచక్రము ఉండెడిది. చిన్న పళ్ళచక్రము చదునైన బాటపై వేగముగ పోవుటకు, పెద్దది కొండ నెక్కుటకు ఉపయోగపడెడిది. వెనుక పళ్ళచక్రము పెద్దదైనకొలది త్రొక్కుట తేలిక యగును. కాని పెడలు ఒక చుట్టు తిరిగినపుడు బండి సాగు దూరము తగ్గును. అందుచేత కొండ మొదటికి చేరగనే పందెగాడు క్రిందికి దిగవలసియుండెను. ఇరుసు కొనలయందున్న రెక్కల నట్టులను వ్రేళ్లతో వదులు చేసి, చక్రమును ఊడదీసి, అటు దిటుగా త్రిప్పి, గొలుసును మరల ఎక్కించి, నట్టులను బిగింపవలసియుండెను. కొండ దిగుటకు ముందు మరల అదియే పని. గొలుసును నడకలోనే మార్చు సాధనములు అప్పటికే ఫ్రాన్సులో పుట్టియున్నను, తూర్ ద ఫ్రాన్సు అను మహాపందెపు నిర్వాహకులు 1937 వరకు ప్రధాన పందెగాండ్రకు వాటిని అనుమతింపలేదు. యంత్రము గాక మనుష్యుడే గెలువవలెనని వారి పట్టుదల.

కంపాన్యోలో జీవితమున మిక్కిలి ప్రసిద్ధమైన ఘట్టము ఈ రెక్కల నట్టులతోనే ముడివడియున్నది. 1927 నవంబరు 11వ తేదీన జరిగిన ఒక పందెమున ఆయన ముందు వరుసలో నుండెనట. దొలొమైట్ పర్వతముల చేరువనున్న క్రోచె దావునె అను కనుమపై మంచు పడుచుండెనట. చక్రమును త్రిప్పుటకై ఆయన దిగగా, చలికి కొయ్యబారిన వ్రేళ్లకు నట్టులు లొంగలేదట. ఆయన పెనగులాడుచుండగనే తక్కినవారు దాటిపోయిరట. ఆనాడే సైకిలు వెనుక భాగమును మార్చితీరవలెనని ఆయన నిశ్చయించుకొనెనని పందెగాండ్ర లోకము తరతరములుగా చెప్పుకొనుచున్నది. ఈ కథలోని వివరములన్నియు నిజములేనా యని చరిత్రకారులు కొందరు సందేహించిరి. ఆ దినము సంగతి ఎట్లున్నను, చలిలో రెక్కల నట్టుతో పెనగులాడుట ఆనాటి పందెగాండ్రకందరకును ఎరుకయైన బాధయే. ఆ బాధకు మందు వెదకినవాడు కంపాన్యోలో అనుటలో సందేహము లేదు.

ఆయన ప్రసిద్ధికి తెచ్చిన సాధనము చూచుటకు మిక్కిలి సామాన్యము. ఇరుసును బోలుగా చేసి, ఆ రంధ్రము గుండ సన్నని ఉక్కు కడ్డీని దూర్చవలెను. కడ్డీకి ఒక కొన నట్టు, రెండవ కొన మీట. మీట మొదట కేంద్రము తప్పిన ఒక గుండ్రని ముక్క కలదు. మీటను మడచినపుడు ఆ ముక్క తిరిగి కడ్డీని తనవైపునకు లాగును. దానితో చట్రపు కొనలు ఇరుసుపై గట్టిగ బిగిసికొనును. మీటను విప్పినంతనే చక్రము చేతిలోనికి వచ్చును. మన ఊళ్లలో తిరుగు మామూలు సైకిలు వెనుక చక్రమును విప్పుటకు పానా కావలయును. ఈ చక్రమునకు బొటనవ్రేలి బలము చాలును. మీటయు, కేంద్రము తప్పిన చక్రమును యంత్రశాస్త్రమున పాతవియే. వాటిని రెండంగుళముల చోటున, దుమ్ము దూరకుండ, ఏండ్ల తరబడి అరుగకుండ ఇమిడ్చిన నేర్పు ఆయనది.

ఈ చిన్న మీటను పరిశీలించినవారికి సైకిలు భాగముల మంచిచెడ్డలు తెలిసికొను మార్గము దొరకును. కంపాన్యోలో పద్ధతిలో ఆ గుండ్రని ముక్క ఉక్కు గూటిలో మూసియుండును. దానికి నూనె నిలుచును, మట్టి తగులదు. తరువాతి కాలమున అనుకరించినవారిలో పెక్కురు ఖర్చు తగ్గించుటకై ఆ ముక్కను బయట పెట్టి, దాని క్రింద ప్లాస్టికు దిమ్మె నుంచిరి. కంటికి రెండును ఒక్కతీరుగనే కానవచ్చును. కాని బయటనున్న ముక్క పెద్దదగుటచే రాపిడి హెచ్చు; చేతి బలము అంతే యైనను చక్రముపై పడు బిగువు తక్కువ. వర్షములో, బురదలో ఆ తేడా ఇంకను పెరుగును. వెలలో తేడా స్వల్పము. పనిలో తేడా ప్రాణమునకు సంబంధించినది.

1933లో కంపాన్యోలో తన పేర సంస్థను స్థాపించెను. అది తండ్రి దుకాణపు వెనుక గదిలో ఆరంభమైన చిన్న పరిశ్రమ. అచటినుండి ఆయన దృష్టి గొలుసును మార్చు సాధనముపైకి మరలెను. 1940 దశకమున ఆయన ప్రచారమునకు తెచ్చిన కాంబియో కోర్సా అను అమరికలో వెనుక చట్రపు కడ్డీకి రెండు మీటలు ఉండెడివి. పందెగాడు చేతిని వెనుకకు చాచి ఒక మీటతో చక్రమును వదులు చేసి, పెడళ్లను వెనుకకు త్రొక్కుచు, రెండవ మీటతో గొలుసును ప్రక్క పళ్ళచక్రముపైకి నెట్టి, మరల మొదటి మీటను బిగింపవలెను. బండి నడుచుచుండగనే ఇదంతయు జరుగవలెను. అభ్యాసము లేనివారికి ఇది సర్కసు వంటిది. అయినను ఇందులో అదనపు చక్రములు, స్ప్రింగులు లేనందున గొలుసు తేలికగ సాగెడిది. చెడుటకు భాగములును తక్కువ. 1948లో జీనో బర్తాలి అను ఇటలీ వీరుడు ఈ సాధనముతోనే తూర్ ద ఫ్రాన్సు గెలిచెను. 1938లో తొలిసారి గెలిచిన పదేండ్లకు, 34వ యేట, అతడు పొందిన ఆ విజయము కంపాన్యోలో పేరును దేశదేశములకు మోసికొనిపోయెను.

అయినను ఆ విజయమును చూచి కంపాన్యోలో ఆగలేదు. తన సాధనము కష్టమైనదని ఆయనకే తెలియును. ఫ్రాన్సు దేశపు పనివారు 1930 దశకముననే సమాంతర చతుర్భుజపు అమరికతో గొలుసును మార్చు పద్ధతిని కనుగొనియుండిరి. పాఠశాలలో రేఖాగణితము చదివిన బాలునకును ఈ సూత్రము అర్థమగును. నాలుగు కీళ్లు గల సమాంతర చతుర్భుజమును ఒక ప్రక్కకు వంచినపుడు ఎదురెదురు భుజములు సమాంతరముగనే యుండును. కనుక దాని కొనకు తగిలించిన చిన్న చక్రములు వంకర పోక, గొలుసును నిలువుగ పట్టుకొని ప్రక్కకు జరుపగలవు. కంపాన్యోలో ఈ సూత్రమును గ్రహించి, గ్రాన్ స్పోర్టు అను సాధనమును రూపొందించెను. 1949లో నమూనాగా కానవచ్చిన అది 1951 నాటికి విపణికి వచ్చెను. ఇప్పుడు పందెగాడు చేతిని వెనుకకు చాపనక్కరలేదు. చట్రముపైనున్న చిన్న మీటలు, సన్నని ఉక్కు తీగలు ఆ పని చేయును.

ఇచట ఒక విషయము గమనింపదగినది. కంపాన్యోలో గొప్పతనము ప్రతి వస్తువును తానే తొలిసారి ఊహించుటలో లేదు. ఇతరులు ఊహించినదానిని ఎన్నుకొని, దానికి తగిన లోహమును వెదకి, కొలతలు సరిచూచి, ఎన్ని పర్యాయములు వంచినను మొదటి దినమువలెనే పనిచేయునట్లు తయారుచేయుటలో ఉన్నది. ఊహ ఒక్కటే చాలినచో, మొదట ఊహించినవారి పేర్లే నేడు నిలిచియుండెడివి.

1958లో ఆయన పెడళ్లను తగిలించు క్రాంకులను విపణికి తెచ్చెను. 1963లో రికార్డు, 1967లో అల్యూమినియం మిశ్రలోహముతో చేసిన నువోవో రికార్డు అను గేరు సాధనములు వెలువడెను. 1960 దశకపు చివర బ్రేకులును చేరెను. దీనితో ఒక కొత్త ఆచారము ఆరంభమైనది. చట్రమును కట్టు నిపుణుడు ఒక చోట ఒక భాగము, మరియొక చోట మరియొక భాగము ఏరుకొనుటకు మారుగా, ఒకే సంస్థ చేసిన భాగముల జతను మొత్తముగ కొనదొడగెను. నేడు సైకిలు కొనువారు గేర్లు, క్రాంకులు, బ్రేకులు కలిసిన ఒక జత పేరుచెప్పి బండి స్థాయిని నిర్ణయించు పద్ధతికి దారివేసినవారిలో కంపాన్యోలో ముఖ్యుడు.

ఆయన భాగములు చవుక కావు. మరి ఆ వెలకు తగిన విలువ ఎచట ఉండెను? చక్రపు నడుమనుండు హబ్బును చూచినచో జవాబు దొరకును. అందులోని ఉక్కు గుండ్లు తిరుగు దారులను మిక్కిలి నునుపుగ తీర్చెడివారు. అవి అరిగినచో హబ్బునంతయు పారవేయ నక్కరలేదు. గుండ్లను, శంకువులను విడిగా కొని మార్చుకొనవచ్చును. సంస్థ అచ్చువేయు పట్టికలలో ప్రతి సాధనమును విడదీసిన బొమ్మయు, చిన్న మరకు సైతము ఒక సంఖ్యయు ఉండెడిది. ఆ సంఖ్య చెప్పి ఆ మరను తెప్పించుకొనవచ్చును. అందుచేతనే ఆ కాలపు కంపాన్యోలో భాగములతో నడుచు సైకిళ్లు నేటికిని కలవు. తక్కువ వెలకు కొని ఏడాదికొకసారి మార్చు వస్తువు కంటె, ఎక్కువ వెలకు కొని చిన్న ముక్కలు మార్చుచు ఇరువదేండ్లు వాడు వస్తువు చవుక. ఈ లెక్క ఏ గృహస్థునకైనను తెలిసినదే. దుకాణమున నిలిచినపుడు మాత్రము పెక్కురు మరచిపోవుదురు.

1972 అక్టోబరు 25వ తేదీన బెల్జియం వీరుడు ఎడ్డీ మెర్క్స్ మెక్సికో నగరమున ఒక గంటలో 49.431 కిలోమీటర్లు సైకిలు త్రొక్కి లోకమును ఆశ్చర్యపరచెను. ఆ బండికి అమర్చినవి కంపాన్యోలో భాగములు. అప్పటికి పందెపు సైకిలనిన కంపాన్యోలో భాగములే అన్నంతగా ఆయన పేరు పెరిగెను. ఆయన చూపు సైకిలుతో ఆగలేదు. మెగ్నీషియం మిశ్రలోహముతో పోతపోసిన ఆయన చక్రములు లంబోర్గీని సంస్థ చేసిన మియూరా వంటి వేగపు కార్లకు అమర్చబడెను. 1966లో సీసా బిరడాను ఇట్టే లాగు ఒక సాధనమును సైతము ఆయన రూపొందించెను. చేతికి కష్టమిచ్చు ఏ చిన్న పనినైనను తేలిక చేయనిదే ఆయన మనస్సు ఊరకుండలేదు.

కీర్తి పెరిగినకొలది దాని వెంట ఒక అపాయమును వచ్చును. 1970 దశకమున సంస్థ సూపర్ రికార్డు అను జతను వెలువరించెను. అందులో కొన్ని ఉక్కు భాగములకు మారుగా టైటానియం వాడిరి. కొన్ని భాగములకు రంధ్రములు తొలచి బరువు తగ్గించిరి. తగ్గినది కొలది గ్రాములు. పెరిగిన వెల మాత్రము ఎక్కువ. రెప్పపాటులో గెలుపోటములు తేలు మహాపందెమున ఆ గ్రాములకు అర్థమున్నది. పాఠశాలకో, పనికో, ప్రక్క ఊరికో పోవువానికి ఆ గ్రాముల వలన ప్రయోజనము లేదు. అయినను పేరు కొరకు కొన్నవారు పెక్కురు. మంచితనమునకు చెల్లించు వెల యొకటి, పేరునకు చెల్లించు వెల యొకటి కలదని ఆనాడు స్పష్టమయ్యెను.

ఇంతలో తూర్పున మరియొక కథ నడుచుచుండెను. జపాను దేశమున మయెదా అను సంస్థ సన్‌టూర్ అను పేర గేరు సాధనములను చేయుచుండెను. 1964లో అది ఒక చిన్న మార్పు చేసెను. సమాంతర చతుర్భుజమును అడ్డముగ గాక ఏటవాలుగ అమర్చెను. దీనివలన గొలుసును నడపు చిన్న చక్రము, చిన్న పళ్ళచక్రమునొద్దను పెద్దదానియొద్దను ఇంచుమించు సమదూరమున నుండును. గొలుసు తడబడక ఒకదానినుండి మరియొకదానికి చేరును. ఆ సాధనము వెల కంపాన్యోలో సాధనపు వెలకంటె ఎంతయో తక్కువ. గేరు మార్చు తీరులో మాత్రము దానిని మించినది. గట్టితనమునను, నిగనిగలోను, భాగములు దొరకుటలోను కంపాన్యోలో మిన్న. గొలుసును మార్చుట అను అసలు పనిలో చవుక సాధనము మిన్న. ఇది పెక్కురు పందెగాండ్రకు నమ్మశక్యము కాలేదు. పేరును చూచి కొన్నవారు దీనిని పరీక్షించి చూడనైనను లేదు. 1921లో సకాయి నగరమున స్థాపింపబడిన షిమానో సంస్థ 1973లో డ్యూరా-ఏస్ అను జతతో పందెపు రంగమున అడుగుపెట్టెను.

1983 ఫిబ్రవరిలో, 81వ యేట, తుల్లియో కంపాన్యోలో కన్నుమూసెను. ఆయన కుమారుడు వాలెంతినో సంస్థ భారమును వహించెను. మరుసటి సంవత్సరముననే పరిస్థితి మారెను. 1984లో సన్‌టూర్ పేటెంటు గడువు ముగియగా, ఏటవాలు అమరిక అందరి సొత్తయ్యెను. ఆ యేడే షిమానో, మీటను జరిపినపుడు టిక్కుమని ఒక్కొక్క గేరు తనంత తాను కుదురుకొను పద్ధతిని పందెపు సైకిళ్లకు తెచ్చెను. దానికి బదులుగా కంపాన్యోలో సంస్థ 1980 దశకపు చివర తెచ్చిన పద్ధతి అంతగా రాణింపలేదు. 1992లో బ్రేకు పిడిలోనే గేరు మీటలను ఇమిడ్చిన ఎర్గోపవర్ వెలువడిన పిదపగాని అది తేరుకొనలేదు. మయెదా సంస్థకును విజయము నిలువలేదు. పేటెంటు గడచిన కొలది ఏండ్లకే అది ప్రాభవము కోల్పోయెను. కీర్తి గాని, పేటెంటు గాని ఎవరికిని శాశ్వతమైన అండ కాదు.

ఈ జీవితమును పరిశీలించినచో, బండి కొనువానికి కొన్ని సంగతులు తెలియవచ్చును. నేడు గేర్ల జతలు చేయు సంస్థలు తమ సరకును మెట్లు మెట్లుగ అమర్చినవి. క్రింది మెట్టునుండి నడిమి మెట్టునకు ఎక్కినపుడు పనిలో మెరుగు స్పష్టముగ తెలియును. నడిమి మెట్టునుండి పై మెట్టునకు ఎక్కినపుడు ముఖ్యముగ పెరుగునవి తేలికతనమును, నునుపును. వెల మాత్రము ఇబ్బడి ముబ్బడి యగును. బండ్లు కూర్చువారిలో కొందరు అందరి కన్ను పడు వెనుక గేరు సాధనమును మాత్రము పై మెట్టునుండి తెచ్చి, హబ్బులు, గొలుసు, బ్రేకులు, పెడళ్ల నడిమి ఇరుసు, టైర్లు చవుకవి పెట్టుదురు. తెలిసినవాడు చక్రమును పైకెత్తి త్రిప్పి చూచును. ఇరుసు ప్రక్కలకు ఊగుచున్నదేమో వ్రేళ్లతో కదల్చి చూచును. బ్రేకు పట్టి చూచును. అరిగిన భాగము విడిగా దొరకునా యని అడుగును. చట్రము తన కొలతకు సరిపోవునా యని అన్నిటికంటె ముందు చూచును. భాగములను తరువాత మార్చుకొనవచ్చును గాని, కొలత కుదరని చట్రమును మార్చుటకు లేదు.

క్రోచె దావునె కనుమపై నేడు కంపాన్యోలో స్మారకము నిలిచియున్నది. దూరదేశములనుండి వచ్చిన సైకిలు ప్రియులు ఆ కొండ నెక్కి దానిని దర్శించుచున్నారు. డిస్కు బ్రేకులు గల కొత్త పందెపు సైకిళ్లలో ఇరుసును బిగించు తీరు మారినది. ఆయన మీట స్థానమున మరలుగల లావు ఇరుసు వచ్చినది. ఆ మార్పును చూచి ఆయన చిన్నబుచ్చుకొనునని తలపనక్కరలేదు. ఉన్నదానికంటె మెరుగైనది వచ్చినపుడు పాతదానిని విడువవలెనని తన చేతులతో చూపినవాడు ఆయనయే. లోకమున లెక్కలేనన్ని సైకిళ్లకు ఆయన మీట ఇంకను చక్రమును పట్టియున్నది. దానిని మడచి బిగించువారిలో పెక్కురకు ఆయన పేరు తెలియదు. మంచి భాగము యొక్క లక్షణము అదియే. అది చెడినపుడే జ్ఞప్తికి వచ్చును. చెడనంతవరకు దానిని తలచుకొనవలసిన పని ఉండదు.